నరసాపురం అడుగున ఏముందో చెప్పిన చప్పుడు

దాళ్వా కోతలు పూర్తయి పొలాలు ఖాళీ అయ్యాక గోదావరి డెల్టాలో గ్యాస్ వెతికే సర్వే వాళ్లు దిగుతారు. నరసాపురం, పాలకొల్లు, రాజోలు చుట్టుపక్కల ఊళ్లలో నడివయసు దాటిన వాళ్లెవరిని అడిగినా ఓఎన్‌జీసీ సర్వేలు గుర్తున్నాయంటారు. గట్ల వెంబడి కేబుల్ పరిచి, కొలత ప్రకారం జియోఫోన్లనే చిన్న పరికరాలను నేలలో గుచ్చుతారు. కొన్ని మీటర్ల లోతుకు గొయ్యి దింపి, అడుగున కొద్దిగా పేలుడు మందు పెట్టి, మట్టితో బిగించి పేలుస్తారు. పైనున్న మనిషికి వినిపించేది ఒక్క దబ్బుమన్న మోత. ఆ మోత కిందికి కూడా వెళుతుంది. ఒక పొర నుంచి ఇంకో పొరలోకి దాటేచోట కొంత వెనక్కి తిరిగి, పైకొచ్చి జియోఫోన్లను కదిలిస్తుంది.

ఇక్కడో చిక్కుంది. యంత్రం రాసుకునేది కాలం ఒక్కటే, లోతు కాదు. మోత వెళ్లి తిరిగి రావడానికి 2.4 సెకన్లు పట్టిందని అది చెబుతుంది. ఆ దారిలో ధ్వని సగటున సెకనుకు 2,500 మీటర్లు నడిచిందనుకుంటే ఆ పొర 3,000 మీటర్ల లోతున ఉన్నట్టు. 2,700 అనుకుంటే 3,240 మీటర్ల లోతున ఉన్నట్టు. చదివిన కాలం ఒకటే అయినా తేడా 240 మీటర్లు. కోట్ల ఖర్చుతో తవ్వే బావికి అది చిన్న తేడా కాదు. అందుకే డెల్టా కింద గ్యాస్ వెతికే పనిలో సగం శ్రమ, ధ్వని ఏ మట్టిలో, ఏ రాతిలో ఎంత వేగంగా పోతుందో కనుక్కోవడానికే పోతుంది.

బడిలో మనం నేర్చుకున్నది మూడు ముక్కలు: ఘనపదార్థాల్లో ధ్వని వేగం ఎక్కువ, ద్రవాల్లో తక్కువ, వాయువుల్లో ఇంకా తక్కువ. మొత్తమ్మీద నిజమే. కానీ దానికి చాలామంది చెప్పుకునే కారణం మాత్రం తప్పు. పదార్థం ఎంత దట్టంగా, బరువుగా ఉంటే ధ్వని అంత వేగంగా పోతుందనుకుంటారు. సీసం ఇనుము కంటే చాలా బరువు. అయినా సీసంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 2,160 మీటర్లే, ఉక్కులో దాదాపు 5,900. ఉక్కు బరువులో మూడో వంతు ఉండే అల్యూమినియంలో 6,400. వాయువుల్లో చూసినా అంతే. అన్నిటికన్నా తేలికైన హైడ్రోజన్‌లో 1,300 దాకా ఉంటే, గాలి కంటే బరువైన కార్బన్ డయాక్సైడ్‌లో 270 కూడా ఉండదు. బరువు ధ్వనికి సాయం చేయదు, దాన్ని ఆలస్యం చేస్తుంది.

మరి వేగాన్ని ఇచ్చేదేమిటి? నరసాపురం స్టేషన్లో రైలు పెట్టెల వరసకు ఇంజను వచ్చి తగులుకునేటప్పుడు గమనించండి. కుదుపు ఒక్కసారిగా చివరి పెట్టెకు చేరదు. మొదటి పెట్టె కదిలి రెండోదాన్ని నెట్టాలి, అది మూడోదాన్ని. పెట్టెల మధ్య కొక్కేలు వదులుగా ఉంటే ఒక్కోచోట కొంత కాలం పోతుంది, బిగుతుగా ఉంటే కుదుపు చకచకా సాగుతుంది. పెట్టెలు నిండు బరువుతో ఉంటే ఒక్కోదాన్ని కదపడానికే ఆలస్యం. ధ్వని కూడా పదార్థంలోని అణువుల వరసలో ఇలాగే నడుస్తుంది. నొక్కితే ఎంత గట్టిగా ఎదురుతిరుగుతుందనేది పదార్థపు బిగువు. ఆ బిగువును సాంద్రతతో భాగించి వర్గమూలం తీస్తే ధ్వని వేగం వస్తుంది. నీరు గాలి కంటే ఎనిమిది వందల రెట్లకు పైగా బరువు. కానీ దాన్ని నొక్కి కుదించడం గాలిని కుదించడం కంటే పదిహేను వేల రెట్లు కష్టం. అందుకే ఆ బరువును దాటి నీటిలో ధ్వని గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది.

గాలి సంగతి తేల్చడానికే పెద్ద పెద్దవాళ్లు తంటాలు పడ్డారు. న్యూటన్ 1687 నాటి ప్రిన్సిపియాలో లెక్క కట్టిన వేగం అసలు వేగం కంటే ఆరో వంతు దాకా తక్కువ వచ్చింది. ధ్వని పోయేటప్పుడు గాలి కుదించుకున్నచోట క్షణంపాటు వేడెక్కుతుందనీ, ఆ వేడి బయటికి జారేంత వ్యవధి ఉండదనీ, అందువల్ల గాలి ఇంకాస్త బిగువుగా ప్రవర్తిస్తుందనీ లాప్లాస్ 1816లో చెప్పాక లెక్క సరిపోయింది.

మన గాలిలో కొలిచిన కథ కూడా ఒకటుంది, తెలుగు పాఠకులకు అంతగా చేరనిది. నరసాపురం అప్పటికే మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన జాన్ గోల్డింగ్‌హామ్ 1820, 1821 సంవత్సరాల్లో సెయింట్ జార్జి కోట నుంచీ, సెయింట్ థామస్ మౌంట్ నుంచీ పేల్చే ఫిరంగుల మెరుపును నక్షత్రశాల దగ్గర చూసి, మోత చెవికి చేరేదాకా గడియారంతో కాలం కొలిపించాడు. ఒక్క రోజుతో ఆపకుండా నెలల తరబడి, వేడినీ తేమనూ గాలి వాటాన్నీ రాసుకుంటూ సాగించాడు. ఫలితాలు 1823లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. చలి నెలల్లో వేగం తగ్గడం, వేడి నెలల్లో పెరగడం ఆ లెక్కల్లో కనిపించింది. యూరప్ చలిలో కొలిచిన వాళ్లకు దొరకని ఉష్ణమండలపు అంకెలవి. ఒక డిగ్రీ వేడి పెరిగితే గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 0.6 మీటరు పెరుగుతుంది. సంక్రాంతి తెల్లవారుజామున 18 డిగ్రీలున్నప్పుడు 342 ఉండేది, మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలకు 355 అవుతుంది. గాలి పీడనం ఎంతున్నా దాదాపు తేడా రాదు. పీడనం పెరిగితే బిగువు, సాంద్రత రెండూ ఒకే పాళ్లలో పెరిగి చెల్లుకు చెల్లవుతాయి.

ఘనపదార్థాల్లో వేగం ఒకే పదార్థంలో కూడా దిక్కును బట్టి మారుతుంది. కర్రనే తీసుకోండి. నార పోయిన దిక్కున ధ్వని సెకనుకు నాలుగు వేల మీటర్ల దాకా పోతే, నారకు అడ్డంగా అందులో మూడో వంతుకు, నాలుగో వంతుకు పడిపోతుంది. నూజివీడులో పనసకర్రతో వీణ చేసేవాళ్లు వేలితో తట్టి కర్రను ఎంచుతారంటే, వాళ్లు వింటున్నది బిగువుకూ బరువుకూ మధ్య ఉన్న ఈ లెక్కనే. ఆ నూజివీడు పక్కనే ఆగిరిపల్లి. భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం 1909లో పుట్టింది అక్కడే. ఆయన వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉండగా జె. భీమసేనాచార్‌తో కలిసి వజ్రం ముక్కల్లోకి చెవికి అందని ధ్వనిని పంపి, వజ్రం బిగువు ఏ దిక్కున ఎంతో లెక్కగట్టారు. ఆ పత్రం 1946లో రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో వచ్చింది. తరవాతి వాళ్లు మెరుగైన పరికరాలతో ఆ అంకెలను సవరించారు, శాస్త్రంలో అది మామూలే. వజ్రంలో ధ్వని వేగం సెకనుకు 17,500 మీటర్లకు మించుతుంది. ఉక్కులో కంటే దాదాపు మూడు రెట్లు. కర్బన పరమాణువులు తేలికైనవి, వాటి మధ్య బంధాలు అత్యంత బిగువైనవి. వజ్రంలో ఆ రెండూ కలిసొచ్చాయి. గోల్కొండ వజ్రాల గురించి మనకు ఎన్నో కథలున్నాయి, వాల్తేరులో జరిగిన ఈ కొలత కూడా వాటి పక్కన చెప్పుకోదగ్గదని నా నమ్మకం.

నీటికి వద్దాం, ఇది నీళ్ల దేశం కనుక. 1826లో కొలడాన్, స్టర్మ్ అనే ఇద్దరు జెనీవా సరస్సులో పడవల మీద రాత్రివేళ ఈ వేగాన్ని కొలిచారు. ఒక పడవ కింద నీటిలో గంట మోగించిన క్షణంలోనే పైన మందు వెలిగేలా అమర్చారు. పదమూడు కిలోమీటర్ల అవతల ఇంకో పడవలో కొలడాన్ పొడవాటి గొట్టం నీటిలో ముంచి చెవి పెట్టాడు. 8 డిగ్రీల నీటిలో సెకనుకు 1,435 మీటర్లని తేల్చారు. నేటి కొలతలకు అది చాలా దగ్గర. మాధవాయిపాలెం రేవులో పంటు దాటే గోదావరి పాయ వశిష్ఠ నీరు 30 డిగ్రీలుంటే అందులో వేగం 1,509. అక్కడి నుంచి అంతర్వేది దాటి సముద్రంలోకి వెళితే ఉప్పు వల్ల 1,540 దాకా పెరుగుతుంది. ఉప్పు నీటిని కాస్త బరువెక్కిస్తుంది, కానీ బిగువును అంతకంటే ఎక్కువ పెంచుతుంది. బోట్లలో వాడే ఫిష్ ఫైండర్ సెకనుకు 1,500 లెక్కన చూపిస్తుంటే, నలభై మీటర్ల లోతును ఒక మీటరు తక్కువగా చూపుతుంది. వేటకు అది లెక్కలోకి రాని తేడా. సముద్రం అడుగు పటం గీసేవాళ్లకు మాత్రం కాదు. వాళ్లు నీటి వేడినీ ఉప్పునూ పొర పొరకూ కొలిచి సవరించుకుంటారు. వరదల రోజుల్లో గోదావరి మంచినీరు సముద్రం మీద పలచగా పరుచుకుంటుంది కనుక ఈ తీరంలో ఆ సవరణ ఇంకా అవసరం.

నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేది బుడగల సంగతి. నీటిలో 1,500, గాలిలో 350. మరి నీటిలో చిన్న చిన్న గాలి బుడగలు నూటికి ఒక వంతు కలిస్తే? రెండింటికీ మధ్య ఎక్కడో ఉంటుందనుకుంటాం. లెక్క కడితే సెకనుకు 120 మీటర్లకు పడిపోతుంది, గాలిలో వేగంలో మూడో వంతుకు. బరువంతా నీటిది, మెత్తదనమంతా గాలిది. ధ్వనికి రెండు వైపులా నష్టమే. నరసాపురం, భీమవరం, మొగల్తూరు రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు తిరిగేచోట నురగలెత్తే నీటిలో, బుడగల సైజుకు సరిపడే తక్కువ స్థాయి ధ్వనులకు, వేగం ఇలాగే కుంగుతుంది. డెల్టా బురదలో ఆకులూ గడ్డీ కుళ్లి మీథేన్ బుడగలు చిక్కుకుని ఉన్నచోటా ఇదే పరిస్థితి. అలాంటి బురద కిందికి ధ్వనిని పంపడం సర్వే వాళ్లకు పెద్ద తలనొప్పి.

ఇప్పుడు ఆ సర్వే మోతతో పాటు కిందికి దిగుదాం. పేరుపాలెం ఒడ్డున పొడి ఇసుకలో ధ్వని వేగం సెకనుకు కొన్నిచోట్ల 200 మీటర్లకు లోపే ఉంటుంది. ఇసుక రేణువు బిగువైనదే, కానీ రేణువుకూ రేణువుకూ మధ్య తగులు వదులు, సందుల్లో గాలి. నేలలో కాస్త దిగి నీటి మట్టం తగలగానే వేగం అమాంతం 1,500 దాటుతుంది. సందుల్లో గాలి పోయి నీరు నిండింది, అంతే తేడా. డెల్టాలో నీరు కొద్ది లోతుకే తగులుతుంది కనుక పేలుడు మందును ఆ మట్టానికి కిందికి దించుతారు. పైపొరలో పేలిస్తే మోత బలమంతా ఆ వదులు మట్టిలోనే ఇంకిపోతుంది.

అక్కడి నుంచి కిందికి నది మోసుకొచ్చిన ఒండ్రు, ఇసుక, బంకమట్టి. లోతుకు పోయేకొద్దీ పై బరువుకు అవి నొక్కుకుపోయి రాళ్లవుతాయి. నీరు పిండుకుపోతుంది, తగులు బిగుస్తుంది, వేగం రెండు వేలు, రెండున్నర వేలు, మూడు వేలు అలా పెరుగుతూ పోతుంది. ఈ పొరలకు భూగర్భ శాస్త్రవేత్తలు మన ఊళ్ల పేర్లే పెట్టారు: నరసాపూర్ క్లేస్టోన్, మత్స్యపురి ఇసుకరాయి, పాశర్లపూడి, పాలకొల్లు షేల్. కృష్ణా గోదావరి బేసిన్‌లో తొలితరం అన్వేషణ బావుల్లో ఒకటైన నరసాపూర్-1ని 1970ల చివరలో ఇక్కడే వేశారు. బావి పడ్డాక అనుమానానికి తావుండదు. ధ్వని పుట్టించే పరికరాన్నీ వినే పరికరాన్నీ ఒకే కడ్డీకి అమర్చి బావిలోకి దించితే, పక్కనున్న రాతిలో అడుగు దూరానికి ఎన్ని మైక్రోసెకన్లు పడుతున్నదో పై నుంచి కింది దాకా గీత గీసి ఇస్తుంది. పైనుంచి ఊహించిన వేగాలను ఆ గీతతో సరిచూసుకుని పటాలు మళ్లీ గీస్తారు.

లోతుకు పోతున్నా వేగం పెరగకుండా ఒక్కచోట వెనక్కి తగ్గితే జాగ్రత్తపడాలి. ఇసుకరాయిలో అలా తగ్గితే సందుల్లో నీటికి బదులు గ్యాస్ ఉండొచ్చు. ప్రతిధ్వని అక్కడ గట్టిగా వస్తుంది, వెతుకుతున్నది దొరికినట్టే. కానీ బంకరాయిలో తగ్గితే కారణం వేరు కావచ్చు. నది వేగంగా మట్టి పోసిన డెల్టాల్లో, అడుగు పొరల్లో నీరు బయటపడే దారి లేక చిక్కుకుపోతుంది. పైనున్న బరువులో కొంత రాతికి బదులు ఆ నీరే మోస్తుంటుంది. రేణువుల తగులు బిగుసుకోదు, ధ్వని నెమ్మదిస్తుంది. అలాంటి పొరను చూసుకోకుండా పొడిస్తే ఆ పీడనం బావిలోంచి పైకి తన్నుకొస్తుంది. కృష్ణా గోదావరి బేసిన్‌లో రాఘవాపురం షేల్ లాంటి పొరల్లో ఈ అధిక పీడనం పేరుపడ్డది. డ్రిల్లింగ్ ఇంజనీర్లు బావి వేయకముందే సర్వే వేగాలు చూసి, ఆ పీడనాన్ని అదిమి ఉంచడానికి ఏ లోతున ఎంత బరువైన బురద ద్రవం బావిలో వాడాలో లెక్కేసుకుంటారు. 1995 జనవరి 8న కోనసీమలో పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావిలోంచి ఎగసి రెండు నెలలకు పైగా ఆరని మంటను చూసిన ఈ ప్రాంతం వాళ్లకు, భూమి లోపలి పీడనం ఎంతటిదో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకా కిందికి పోతే కిలోమీటర్ల లోతున నల్లరాయి తగులుతుంది. రాజమండ్రి దగ్గర కాతేరులో, గోదావరికి ఈవల పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కంకర కొట్టే బసాల్ట్ రాయి ఇదే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పశ్చిమ కనుమల వైపు నుంచి లావా నదీలోయల వెంబడి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడి సముద్రం దాకా వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. భూమ్మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇదొకటి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ బృందం ఓఎన్‌జీసీ బావుల్లోంచి వచ్చిన రాళ్లలో లావా పొరల మధ్య చిక్కిన సూక్ష్మజీవుల శిలాజాలను పరిశీలించి, డైనోసార్ల కాలం ముగియడానికీ ఈ లావాకూ సంబంధం ఉందని వాదించింది. ధ్వని లెక్కలో మాత్రం ఈ రాయి పెద్ద అడ్డు. పైన మూడు వేలున్న వేగం ఇందులో ఐదు వేలు దాటుతుంది. తేడా అంత ఎక్కువ కాబట్టి మోతలో చాలా భాగం అక్కడే వెనక్కి తిరుగుతుంది. లోపలికి దిగిన కొద్దిపాటీ గరుకైన లావా పొరల మధ్య చెదిరిపోతుంది. బసాల్ట్ కింద ఇంకా పాత ఇసుకరాళ్లున్నాయి, వాటిలో గ్యాసూ దొరికింది. కానీ ఆ అడుగు పటం స్పష్టంగా గీయడం ఇప్పటికీ కష్టమైన పనే.

సముద్రంలో దీనికి తిరగబడ్డ పరిస్థితి ఒకటుంది. నరసాపురానికి ఎదురుగా బంగాళాఖాతం లోతు నీళ్ల అడుగున, చలికీ పీడనానికీ మీథేన్ నీటితో కలిసి మంచులా గడ్డకట్టి మట్టిలో ఇమిడి ఉంది. ఆ గడ్డ మట్టికి బిగువునిస్తుంది, వేగం పెరుగుతుంది. దాని కిందే గ్యాస్ విడిగా ఉంటే వేగం ఒక్కసారిగా పడిపోతుంది. ఈ ఎక్కువ తక్కువల హద్దు, సముద్రం అడుగుకు సమాంతరంగా ఒక గీతలా సర్వే పటాల్లో కనిపిస్తుంది. ఆ గుర్తులు పట్టుకుని 2006లో జోయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకపు ఓడ ఇక్కడికొచ్చి, ఒకచోట దాదాపు 130 మీటర్ల మందాన మంచు గ్యాస్ ఇమిడిన బంకమట్టిని కనుక్కుంది.

ఇంతసేపూ చెప్పింది నొక్కుతూ పోయే తరంగం గురించి. అడ్డంగా ఊపుతూ పోయే తరంగం ఇంకొకటుంది, దానికి కావలసింది ఆకారం చెదరకుండా నిలబడే బిగువు. నీటికి అది లేదు కనుక నీటిలో అది నడవనే నడవదు. నీరు నిండిన డెల్టా మట్టిలో మొదటి తరంగం 1,500 మీటర్లు పోతుంటే, ఈ రెండోది సెకనుకు 100, 200 మీటర్ల దగ్గర ఈడుస్తుంది. ఇళ్లు కట్టుకునేవాళ్లకు ముఖ్యమైన అంకె ఇదే. భూకంపంలో భవనాలను ఊపేది ఎక్కువగా ఈ అడ్డు తరంగాలే. గట్టి రాతిలోంచి మెత్తటి మట్టిలోకి వచ్చేసరికి వేగం తగ్గుతుంది, తగ్గిన మేరకు ఊపు పెరుగుతుంది. 1985 సెప్టెంబరులో మెక్సికో నగరంలో, మూడొందల యాభై కిలోమీటర్లకు పైగా దూరంలో వచ్చిన భూకంపానికి, ఒకప్పటి సరస్సు నేల మీది భవనాలే ఎక్కువగా కూలాయి. గోదావరి పొడవునా కూడా భూకంపాలు లేకపోలేదు, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతంలో ఒకటి వచ్చింది.

భీమవరం, పాలకొల్లు, నరసాపురం చుట్టూ చేపల చెరువులు పూడ్చి అపార్టుమెంట్లు లేపుతున్న ఈ రోజుల్లో, ఆ నేలలో అడ్డు తరంగం వేగం ఎంతో కొలిచాకే పునాది లెక్క వేయడం అవసరమని నేను గట్టిగా అంటాను. సెకనుకు 180 మీటర్లకు తక్కువైతే అది బాగా మెత్తటి నేల కింద లెక్క. ఈ కొలతకు పేలుడు మందు అక్కర్లేదు. పెద్ద సమ్మెట, నేల మీద పరిచే ఇనుప పలక, రెండు డజన్ల జియోఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ ఉంటే చాలు. పలక మీద సమ్మెటతో కొట్టి, నేలపై పాకే తరంగం ఏ జియోఫోన్‌ను ఎప్పుడు కదిలించిందో చూసి, ముప్ఫై మీటర్ల లోతు దాకా ఒక్కో పొరలో వేగం రాబడతారు. ఒక స్థలానికి ఒక పూట పని.